చిన్నపిల్లల్లో భయం, దిగులు ముదరక ముందే బడిలో, ఇంట్లో చేయగలిగేవి – పాలమూరు, నల్లగొండ వైపు టీచర్లు, తల్లిదండ్రుల కోసం

చెట్టుకింది_బడి (ప్రాథమిక పాఠశాల టీచర్, నారాయణపేట దగ్గర)

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి మా వైపు చాలా ఇండ్లకు తాళాలు పడ్తయి. తల్లిదండ్రులు కూలీలను తీస్కపోయే గుంపు మేస్త్రీ వెంబడి పుణె, బొంబాయి పోతరు, పిల్లలు అవ్వతాతల దగ్గర ఉంటరు. ఆ తర్వాతి వారాల్లో ఒకటి, రెండు, మూడు తరగతుల్లో కనిపించేవి ఇవి: పొద్దున్నే కడుపునొప్పి, ప్రార్థన టైముకు వాంతొచ్చినట్టు ఉందనడం, ఎప్పుడో మానేసిన పక్క తడుపుడు మళ్లీ మొదలవడం, ఆటకు పిలిస్తే గోడకు అతుక్కొని నిలబడటం.

"ప్రేమగా చూసుకోండి, ధైర్యం చెప్పండి" అనే సలహాలకు కొదవ లేదు. అవి కాదు. రేపు పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర ఏడుస్తున్న పిల్లతో ఏమనాలె, ఏమనొద్దు, ఎన్ని రోజులు చూడాలె, ఎప్పుడు దవాఖానకు పంపాలె, ఇట్ల విడమర్చి చెప్పగలిగినోళ్లు చెప్పండి.

పిల్లల_డాక్టర్_నల్లగొండ

టీచర్ గారూ, ముందు ఒంటి సంగతి తేల్చుకోవాలి. భయం వల్ల వచ్చే కడుపునొప్పి నాటకం కాదు, పిల్లకు నిజంగానే నొప్పి ఉంటుంది. అయితే బడి ఉన్న రోజుల్లో పొద్దున్నే వచ్చి, పదకొండింటికల్లా తగ్గిపోయి, ఆదివారం అసలు కనిపించకపోతే అది భయం వైపు చూపిస్తుంది. నొప్పికి రాత్రి నిద్రలోంచి లేవడం, బరువు తగ్గడం, జ్వరం, ఆకుపచ్చటి వాంతులు, విరేచనంలో రక్తం, వీటిలో ఏ ఒక్కటున్నా అది వేరే జబ్బు కావచ్చు. వెంటనే చూపించాలి.

కనీసం ఆరు నెలలు పొడిగా ఉన్న పిల్ల మళ్లీ పక్క తడుపుతుంటే మూత్ర పరీక్ష చేయించండి, మలబద్ధకం ఉందేమో అడగండి. దాహం విపరీతంగా ఉండి, మాటిమాటికీ మూత్రానికి వెళ్తూ, చిక్కిపోతుంటే అదే రోజు రక్తంలో చక్కెర చూడాలి, రేపటికి వాయిదా వేయొద్దు.

రక్తహీనత ఉన్న పిల్లలు నీరసంగా, చిరాగ్గా, దేని మీదా మనసు లేనట్టు ఉంటారు. దాన్ని దిగులు అనుకుని పొరబడే అవకాశం ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. 5 నుంచి 9 ఏళ్ల వాళ్లకు బడిలో వారానికొకటి ఇచ్చే గులాబీ రంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మధ్యాహ్న భోజనం తర్వాతే ఇవ్వండి. ఖాళీ కడుపుతో వేస్తే వికారం వస్తుంది, ఆ పిల్ల మళ్లీ మాత్ర ముట్టదు. టీ తాగే అలవాటుంటే గంట ఎడం ఉండాలి. విరేచనం నల్లగా వస్తుందని అవ్వలకు ముందే చెప్పండి, లేకపోతే భయపడి మాన్పిస్తారు. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఎలాగూ వేస్తారు.

ఇంకోటి. ప్రతి భయమూ జబ్బు కాదు. ఎనిమిది నెలలకు కొత్తవాళ్లను చూసి ఏడవడం, మూడు నుంచి ఆరేళ్ల మధ్య చీకటి, కుక్క, దయ్యం అంటే జంకడం, ఏడేళ్ల తర్వాత మార్కులు, పది మందిలో నగుబాటు గురించి బెంగ, ఇవి వయసుతో వచ్చి పోయేవే. తిండి, నిద్ర, ఆట, బడి, ఈ నాలుగిట్లో ఏదో ఒకటి వారాల తరబడి ఆగిపోతేనే పట్టించుకోవాలి.

సైకాలజిస్ట్_జడ్చర్ల

డాక్టర్ గారు చెప్పినవన్నీ చూశాక కూడా భయమేనని తేలితే, దాన్ని పెంచేది ఏమిటో తెలుసుకోవాలి. భయపడ్డ చోటి నుంచి పిల్లను తప్పించిన ప్రతిసారీ రెండు జరుగుతాయి. ఆ క్షణానికి ఊపిరి పీల్చుకున్నట్టు అవుతుంది. "తప్పించుకున్నాను కాబట్టే బతికాను" అని లోపల ముద్ర పడుతుంది. రెండోసారి భయం మొదటిసారి కన్నా ముందే మొదలవుతుంది. ఇందులో పెద్దవాళ్ల పాత్ర చాలా ఉంది. పిల్ల బదులు మనమే జవాబు చెప్పడం, ఏడేళ్లొచ్చినా పక్కన నిలబడితే తప్ప స్నానానికి వెళ్లనంటే రోజూ నిలబడటం, "ఏం కాదు కదా?" అని ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ "ఏం కాదు" అనడం. ప్రేమతో చేసేవే ఇవన్నీ, కానీ భయానికి మేత వేస్తాయి.

దానికి బదులు రెండు ముక్కల మాట అలవాటు చేసుకోండి. మొదటి ముక్క ఒప్పుకోవడం, రెండోది నమ్మకం. "నీకు భయమైతుందని నాకు తెలుసు. అయినా నువ్వు ఉండగలవు." అంతే. మొదటిది లేకుండా "భయమెందుకురా, మొగోడివి కాదా" అంటే పిల్ల దాచుకోవడం నేర్చుకుంటుంది. రెండోది లేకుండా "అయ్యో బంగారం, భయమైతుందా" అంటూ కూర్చుంటే భయపడటం సబబే అనుకుంటుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం తల్లిదండ్రులకు మాత్రమే ఈ పద్ధతి నేర్పి చూసింది. పిల్లలకు నేరుగా ఇచ్చే చికిత్సతో సమానంగా పనిచేసిందని 2020లో ప్రచురించారు. పిల్లను ఒక్కసారి కూడా గదిలో కూర్చోబెట్టకుండానే.

ఇక మెట్ల పద్ధతి. చీకటికి భయపడే ఆరేళ్ల పిల్లవాడు, మరుగుదొడ్డి ఇంటి బయట ఉంది అనుకుందాం. భయం ఎంతో వేళ్లతో చూపించమనండి, సున్నా నుంచి పది. మూడు నాలుగు వేళ్లు చూపించే పనితో మొదలుపెట్టాలి. ఉదాహరణకు, పగలు తలుపు మూసిన గదిలో అమ్మ చేయి పట్టుకుని ఉండటం. తర్వాత అదే గదిలో చేయి వదిలి. ఆ తర్వాత అమ్మ గడప అవతల మాట్లాడుతూ. తర్వాత మాట్లాడకుండా. ఆపై సందెవేళ అరుగు దాకా, చివరికి రాత్రి లైటు వేసి దొడ్డి దాకా ఒక్కడే వెళ్తే అవ్వ అరుగు మీద కూర్చోవడం. ప్రతి మెట్టు దగ్గర భయం సగానికి దిగేదాకా ఆగాలి, మామూలుగా పది ఇరవై నిమిషాలు పడుతుంది. అదే మెట్టు రోజూ చేసి, ఒకటి రెండు వేళ్లకు వచ్చాకే పైకి.

చెడేది ఎక్కడంటే: భయం శిఖరం మీదున్నప్పుడు ఆపేస్తారు, దానితో ఉన్న భయం ఇంకా గట్టిపడుతుంది. లేదా ఒక్కరోజు బాగా చేశాడని మూడు మెట్లు దాటిస్తారు. లేదా వారానికోసారి చేస్తారు, మధ్యలో నేర్చుకున్నది చెరిగిపోతుంది. చేతికి ఫోను ఇచ్చి చేయించినా లాభం లేదు, ధైర్యం ఫోనుకే వస్తుంది. మెచ్చుకునేటప్పుడు "మంచి పిల్లోడివి" అనకుండా "భయమైనా గడప దగ్గర నిలబడ్డావు" అని చేసిన పనిని చెప్పండి.

కల్వకుర్తి_మాస్టారు

ఇవన్నీ పట్నపు పద్ధతులు. మా కాలంలో రెండు అంటిస్తే బడికి పోయేటోళ్లం. ఇప్పుడు గారాబం ఎక్కువై పిల్లలు పిరికోళ్లు అయితున్నరు. ఏడ్చినా సరే, బడిలో దిగబెట్టి రావాలె. ఇంట్ల ఉంచుకుంటే ఇంకా పాడైతరు.

సైకాలజిస్ట్_జడ్చర్ల

మాస్టారూ, మీ మాటలో సగం నూటికి నూరుపాళ్లు నిజం. ఇంట్లో ఉంచుకుంటే పాడవుతారు. బడి మానిన ప్రతి రోజూ తిరిగి వెళ్లడాన్ని ఇంకా కష్టం చేస్తుంది. కొట్టడం దగ్గరే ఒప్పుకోలేను. దెబ్బ తిన్న పిల్లకు బడి భయంతో పాటు ఇంటి భయం కూడా తోడవుతుంది, అది ఎవరికీ చెప్పుకోలేదు. బడిలో అయితే శరీర దండన, మానసిక వేధింపు రెండూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం.

కొట్టకుండా దిగబెట్టే తీరు ఇది. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటలేదు, వాంతి కాలేదు అంటే ఆ రోజు బడి ఉన్నట్టే. ఈ నియమం ముందు రోజు సాయంత్రమే చెప్పాలి, పొద్దున గొడవ మధ్యలో కాదు. గేటు దగ్గర రోజూ ఒకే మనిషి పిల్లను అందుకోవాలి. వీడ్కోలు ఒక్క నిమిషం: ఒక కౌగిలి, "బెల్లు కొట్టంగనే వస్త", వెనక్కి తిరగకుండా పోవడం. పిల్లకు వెంటనే చేతిలో పని పెట్టండి, చాక్‌పీసులు పంచడమో, చెట్లకు నీళ్లో. మధ్యలో కడుపునొప్పి అంటే పది నిమిషాలు ఒకే చోట కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, తిరిగి తరగతికి. ఇంటికి ఫోన్ చేయొద్దు. నిజంగా ఇంట్లో ఉండాల్సి వచ్చిన రోజు బడి వేళల్లో టీవీ, ఫోను, దుకాణం చిప్స్ ఉండకూడదు.

రెండు వారాలకు మించి మానేసిన పిల్లనైతే ఒక్కసారి రోజంతా కూర్చోబెట్టొద్దు. ప్రార్థన, ఒక పీరియడు. రెండు మూడు రోజులకు మధ్యాహ్న భోజనం దాకా. ఆపై పూర్తి రోజు. ముందే అనుకున్న టైముకే ఇంటికి పంపండి. ఏడ్చిందని ముందే పంపితే ఏడుపుతో ఇంటికి పోవచ్చని నేర్చుకుంటుంది.

అంగన్వాడీ_అక్క (దేవరకొండ)

మూడు నుంచి ఐదేండ్ల పిల్లల సంగతి నేను చెప్తా. పిల్ల ఆటలో పడ్డది కదా అని తల్లి వెనక నుంచి జారుకుంటది చూడుండ్రి, దాంతో వచ్చిన నష్టం ఇంతా అంతా కాదు. రెండో రోజు నుంచి ఆ పిల్ల ఆడదు, తల్లి కొంగు మీదనే కన్ను పెడ్తది. ఏడ్చినా సరే చెప్పే పోవాలె. కొత్తగా చేర్చుకుంటే మొదటి రెండు రోజులు తల్లి లోపల గంట సేపు కూసోవాలె, తర్వాత రెండు రోజులు వాకిట్ల, ఆ తర్వాత పావుగంట పోయి రావాలె, ఆ పావుగంటను రోజూ పెంచుకుంట పోవాలె.

"బూచోనికి పట్టిస్త, పోలీసుకు పట్టిస్త, డాక్టరమ్మ సూది గుచ్చుతది" అని అన్నం తినిపియ్యకుండ్రి. టీకా రోజు ఏఎన్ఎంను చూసి పిల్లలు జడుసుకునేది దీనివల్లనే.

మా తండాల పిల్లలకు ఇంట్ల లంబాడీ మాట. సెంటర్‌కు వచ్చి నెలల తరబడి నోరు తెరవకుంటే భయస్తులు అని రాసేస్తరు. వాళ్లు భాష వింటున్నరు, అంతే. పాణి (నీళ్లు), యాడి (అమ్మ) అని నాలుగు మాటలు మనం అంటే పిల్ల మొఖం వెలుగుతది. సెంటర్ల మాట్లాడకున్నా తోటి పిల్లలతో ఆడుతుందా, చెప్పిన పని చేస్తుందా, నవ్వుతుందా చూడండి. ఈ మూడూ ఉంటే తొందర పడొద్దు.

రోజుకు పదిహేను నిమిషాల ఆట ఇంట్ల చెప్పండి. పిల్ల ఏమి ఆడితే అదే. పెద్దోళ్లు ప్రశ్నలు అడగొద్దు, తప్పులు దిద్దొద్దు, "ఎన్ని గోళీలో లెక్కపెట్టు" అనొద్దు. పిల్ల చేసేది పైకి చెప్పుకుంట పక్కన కూసోవాలె: "మట్టి పొయ్యి పెట్టినవ్, గిన్నె ఎక్కిచ్చినవ్." అల్లరి చేసిన రోజు శిక్షగా ఈ ఆట బంద్ పెట్టొద్దు, ఆ రోజే ఎక్కువ అవసరం.

చెట్టుకింది_బడి

అక్కా, మస్తు ఉపయోగపడ్డది. ఇంకో రెండు. అవ్వలు "పొలం కాడ జడుసుకున్నడు" అని దర్గాకు తీస్కపోయి తాయెత్తు కట్టిస్తరు. వద్దనాల్నా? తల్లిదండ్రులు వలస పోయేటప్పుడు పిల్లకు ఏం చెప్పి పోవాలె?

పాలమూరు_సోషల్‌వర్కర్

తాయెత్తును ముట్టొద్దు. అవ్వకు అది ధైర్యం, అవ్వ కుదురుగా ఉంటే పిల్లకు సగం భయం పోతుంది. "కట్టిచ్చినవ్ కదా, మంచిది, ఇప్పుడు ఈ మెట్లు కూడా చేయిద్దాం" అంటే వింటారు. వాతలు పెట్టడం, పొగ పట్టడం, కొట్టి దయ్యం వదిలించడం లాంటివి మొదలైతే మాత్రం ఊరుకోవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

వలస సంగతి. పోయే రోజు పొద్దున చెప్తే ఆలస్యం. ఐదేండ్ల లోపు పిల్లలకు మూడు నాలుగు రోజుల ముందు, అంతకన్నా పెద్ద పిల్లలకు వారం పది రోజుల ముందు చెప్పాలి. నాలుగు సంగతులు చాలు: ఎక్కడికి, ఎందుకు, నిన్ను ఎవరు చూసుకుంటారు, మేము మళ్లీ ఎప్పుడు కనపడతాం. "నువ్వు సతాయిస్తున్నవ్ గనుక పోతున్నం" అని నవ్వులాటకు కూడా అనొద్దు, ఆ వయసు పిల్లలు దాన్ని నిజంగా నమ్ముతారు. రాలేని పండుగకు వస్తామని మాటివ్వొద్దు. తేదీ తెలియకపోతే "ఉగాదికి అటూ ఇటూ" అనండి. ఒక సీసాలో చింతగింజలు వేసి, వారానికొకటి తీయించవచ్చు. తేదీ ఖాయంగా తెలిస్తేనే ఈ పని చేయాలి, గింజలు అయిపోయి అమ్మ రాకపోతే లేనిదానికన్నా ఘోరం.

ఫోన్ మాట్లాడే రోజు, గంట స్థిరంగా ఉండాలి. వారంలో రెండు మూడుసార్లు, పది నిమిషాలు. నిద్రపోయే ముందు వద్దు, సాయంత్రం ఆరింటికి చేయండి, తర్వాత ఆటకో తిండికో మళ్లించే సమయం దొరుకుతుంది. "ఏడ్చినవా, బెంగ పెట్టుకున్నవా" అని మొదలుపెట్టకుండా "ఇయ్యాల ఎవరితో ఆడినవ్, మధ్యాహ్నం ఏం కూర" అని అడగాలి. ఫోన్ పెట్టేశాక పిల్ల ఏడుస్తుందని కొందరు మాట్లాడటమే మానేస్తారు, అది తప్పు. ఆ ఏడుపు అరగంటలో తగ్గుతుంది, మాట్లాడకపోతే వచ్చే దిగులు తగ్గదు.

అమ్మ పాత చీర ఒకటి ఉతకకుండా పక్కలో ఉంచండి. నెలకొక ఇంటికి మార్చకుండా మొత్తం సీజను ఒక్కరి దగ్గరే ఉంచండి. అన్నింటికన్నా దీని ప్రభావమే ఎక్కువ. అవ్వకు చేతకాకపోతే వలస పోయినవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ ఉందేమో మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి.

మర్రిగూడ_టీచర్

మా దగ్గర ఇంకో సమస్య. ఫ్లోరైడ్ వల్ల పండ్లకు గోధుమరంగు మచ్చలున్న పిల్లలు మూడో తరగతి నుంచే నోటికి చేయి అడ్డం పెట్టుకొని మాట్లాడుతున్నరు. పాఠం చదవమంటే లేవరు.

పిల్లల_డాక్టర్_నల్లగొండ

ఇది చిన్న విషయం కాదు. శాశ్వత దంతాల పింగాణీ దాదాపు ఎనిమిదేళ్ల లోపే తయారవుతుంది, ఆ వయసులో తాగిన నీళ్ల వల్ల మచ్చ వస్తుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లకు మారితే తర్వాతి పిల్లలకు రాకుండా ఆపొచ్చు, వచ్చిన మచ్చ పోదు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. బోరు నీళ్లు ఎంత కాచినా ఫ్లోరైడ్ తగ్గదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లేత మచ్చలను దంత వైద్యులు పైపొర అరగదీసి తగ్గిస్తారు, ముదురువాటికి పంటి రంగు పూత వేస్తారు. బొగ్గు, ఇటుకపొడి, నిమ్మరసంతో రుద్దనివ్వొద్దు.

తరగతిలో ఆ పిల్లను నిలబెట్టి "దీన్ని ఎవరూ ఎగతాళి చేయొద్దు" అని ప్రకటించడం వద్దు. వెక్కిరించేవాళ్లను విడిగా పిలిచి మాట్లాడండి. పిల్లకు ఒక జవాబు కంఠతా వచ్చేదాకా చెప్పించండి: "నీళ్లతో వచ్చిన మచ్చ, అంటుకోదు." చదివించేటప్పుడు మొదట ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి చదవాలి, తర్వాత జంటగా, ఆపైన ఒక్కతే కూర్చున్న చోటి నుంచి.

ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి ఎవరూ రాయలేదు, నేను గట్టిగా చెప్పదలిచింది అదే. తల్లి డిప్రెషన్‌కు సరైన చికిత్స అంది ఆమె కోలుకుంటే, పిల్లల లక్షణాలు కూడా తగ్గాయని అమెరికాలో మిర్నా వైస్‌మన్ బృందం 2006లో చూపించింది. కాన్పయిన రెండు వారాల తర్వాత కూడా ఏడుపు, నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద మనసు లేకపోవడం ఉంటే "బాలింత బలహీనత" అని వదిలేయకండి. తండ్రి తాగి గొడవ చేసే ఇంట్లో పిల్లకు ఎన్ని శ్వాస వ్యాయామాలు నేర్పినా నిలవవు. కల్తీ కల్లు అలవాటున్నవాళ్లను పంతం పట్టి ఒక్కరోజులో మాన్పించొద్దు. అందులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుస్తుంటాయి, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలో మెల్లగా మాన్పిస్తారు. ఏడుస్తున్న పిల్లకు ఆ కల్లు చుక్క కూడా పట్టొద్దు.

కల్వకుర్తి_మాస్టారు

కొట్టడం గురించి మీరు చెప్పింది ఆలోచిస్త. ఒక్కటి చెప్పండి. పదేండ్ల లోపు పిల్లలకు డిప్రెషన్ కూడా ఉంటదా? ఎట్ల తెలుస్తది?

సైకాలజిస్ట్_జడ్చర్ల

ఉంటుంది, కానీ పెద్దవాళ్లలా విచారంగా కూర్చోరు. చిరాకు, చీటికిమాటికి కొట్లాట, ఇష్టమైన ఆట మీద కూడా మనసు లేకపోవడం, తిండి లేదా నిద్ర మారిపోవడం, "నాకేం రాదు, నేనంటే ఎవరికీ ఇష్టం లేదు" అనడం. ఇవి రెండు వారాలు దాదాపు రోజూ ఉంటే చూపించాలి. తరగతిలో కొట్లాడే పిల్లకంటే, మెల్లగా ఆట మానేసిన పిల్ల ఎవరి కంటా పడదు. హాజరు పుస్తకం కన్నా ఇంటర్వెల్‌లో గ్రౌండు చూడండి.

"చచ్చిపోతా" అంటే వయసు చూసి కొట్టిపారేయొద్దు. ఎప్పుడు అనిపించింది, ఏం చేయాలనిపించింది అని నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పిల్లను ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుల మందు డబ్బాలు అదే రోజు తాళం వేసిన పెట్టెలోకి మార్పించండి. పత్తి చేలున్న ఇండ్లలో అవి గడప పక్కనే ఉంటాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అక్కడి నుంచి దగ్గరి ఆసుపత్రికి పంపిస్తారు.

మందుల దుకాణంలో నిద్రమాత్ర, టెన్షన్ మాత్ర అడిగి పిల్లలకు వేయొద్దు. చిన్నపిల్లల ఆందోళనకు మొదటి చికిత్స మెట్ల పద్ధతి లాంటి శిక్షణే. మందు అవసరమైతే మానసిక వైద్యులే రాయాలి, మొదటి వారాల్లో దగ్గరగా గమనించాలి.

నిద్ర గురించి రెండు ముక్కలు: 3 నుంచి 5 ఏళ్లకు రోజు మొత్తంలో 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్లకు 9 నుంచి 12 గంటలు. 5 ఏళ్ల లోపు ఫోను, టీవీ కలిపి గంట మించొద్దు, రెండేళ్ల లోపు అసలే వద్దు. హోంవర్కు విషయంలో ప్రైవేటు బళ్లతో మాట్లాడేవాళ్లు 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చూపించండి: రెండో తరగతి దాకా హోంవర్కు లేదు, మూడు నుంచి ఐదుకు వారానికి రెండు గంటలే. ఎంత చెప్పినా అక్షరాలు తారుమారయ్యే పిల్లను సోమరి అని తిట్టే ముందు చూపు, వినికిడి, చదువు ఇబ్బంది పరీక్ష చేయించండి. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాసిస్తుంది.

గురుకులం_కౌన్సెలర్ (వనపర్తి వైపు)

ఐదో తరగతిలో గురుకులం సీటు కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఎండాకాలంలోనే మొదలుపెట్టండి. అమ్మ లేకుండా మేనమామ ఇంట్లో ఒక రాత్రి, తర్వాత రెండు, తర్వాత నాలుగు. తన బట్టలు తాను ఉతుక్కోవడం, జడ వేసుకోవడం, కడుపునొప్పి వస్తే పెద్దవాళ్లకు చెప్పడం వస్తే బెంగ సగం తగ్గుతుంది. చేరిన మొదటి పదిహేను రోజులు ఏడుపు సహజం. "నచ్చకపోతే తీస్కపోత" అని మాటివ్వకండి, ఆ మాట పట్టుకుని ఎదురుచూస్తారు తప్ప కుదురుకోరు. "పదిహేను రోజులకు ఔటింగ్‌కు వస్త, అప్పుడు కూసొని మాట్లాడుదం" అనండి. ఎవరైనా కొడుతున్నారని, తాకుతున్నారని పిల్ల చెప్తే మాత్రం అది బెంగ కాదు, ఆ రోజే బయల్దేరాలి.

చెట్టుకింది_బడి

చివరి ప్రశ్న. రెండో తరగతిలో ఒక పిల్ల. ఇంట్ల గలగలా మాట్లాడుతదట, తెలుగే. బడిల మాత్రం జూన్ నుంచి ఒక్క మాట లేదు. పక్కపిల్ల చెవిలో కూడా చెప్పదు. లంబాడీ సంగతి కాదు.

సైకాలజిస్ట్_జడ్చర్ల

బడి మొదలైన తొలి నెల వదిలేసి, ఆ తర్వాత నెల దాటినా ఇంట్లో మాట, బడిలో మౌనం ఉంటే దాన్ని మొండితనం అనుకోవద్దు. గొంతు బిగుసుకుపోతుంది. జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో చూపించడానికి పేరు రాయించండి, ఈలోగా ఇది మొదలుపెట్టండి.

బడి విడిచాక ఖాళీ గదిలో పిల్ల, అవ్వ ఇద్దరే అష్టాచెమ్మా ఆడాలి, తలుపు మూసి. అవ్వతో గొంతెత్తి మాట్లాడేదాకా మీరు కనిపించొద్దు. రెండో మెట్టు, తలుపు తెరిచి మీరు వరండాలో పుస్తకాలు దిద్దుకుంటూ ఉండండి, పిల్ల వైపు చూడొద్దు. తర్వాత గదిలో దూరంగా ఒక మూల. తర్వాత ఆట పక్కన, మాట్లాడకుండా గవ్వలు అందించడం. ఆ తర్వాతే మొదటి ప్రశ్న. అది "అవునా, కాదా" ప్రశ్న అయితే తల ఊపి ఊరుకుంటుంది, కాబట్టి "నీ కాయ ఎర్రదా, పచ్చదా?" అని అడగండి. అడిగి ఐదు సెకన్లు నోరు మూసుకుని ఆగండి, అవ్వను జవాబు చెప్పనివ్వొద్దు. గుసగుసగా చెప్పినా "ఎర్రది, సరే" అని ఆట కొనసాగించండి. "అబ్బ, మాట్లాడిందే!" అని సంబరపడితే మర్నాడు మళ్లీ మూసుకుంటుంది. మీతో మామూలు గొంతు వచ్చాక అవ్వను మెల్లగా వరండాలోకి పంపి, ఒక స్నేహితురాలిని ఆటలోకి తీసుకోండి. వారానికి మూడు నాలుగుసార్లు, పదిహేను నిమిషాలు. ఏ మెట్టు మీదైనా మూడు రోజులు ఆగిపోతే కింది మెట్టుకు దిగి, దాన్ని రెండు రోజులు తేలిగ్గా ఆడించి మళ్లీ ఎక్కించండి. తరగతిలో హాజరు పిలిచినప్పుడు చేయి ఎత్తితే చాలని మిగతా టీచర్లకు కూడా ఇవాళే చెప్పండి.